శోధ్‌గంగను ఎంతవరకు ఆధారంగా తీసుకోవచ్చు?

తెలుగులోనో చరిత్రలోనో పీజీ చేస్తూ పరిశోధన పత్రానికి ఆధారాలు వెతికే విద్యార్థికి నేను ముందుగా సూచించే చోటు శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ఈ ఆన్‌లైన్ భాండాగారంలో దేశంలోని విశ్వవిద్యాలయాలకు సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. 2009 నాటి యూజీసీ నిబంధనలు ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పణను తప్పనిసరి చేయడంతో, ఒకప్పుడు గ్రంథాలయ బీరువాలు దాటని వ్యాసాలను ఇప్పుడు చందా కట్టకుండానే చదువుకోవచ్చు.

ప్రతి అధ్యాయం విడి పీడీఎఫ్‌గా ఉంటుంది కనుక మొత్తం వ్యాసం దించుకోనక్కరలేదు. నా మటుకు నేను ముందు ఉపయుక్త గ్రంథ సూచినే తెరుస్తాను. మూలాలకు దారి చూపేది అదే కనుక, వ్యాసం అసలు ఉపయోగం చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఉదాహరణకు తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కలమళ్ళ శాసనం గురించో, 848 నాటి అద్దంకి శాసనం గురించో రాసేటప్పుడు, సిద్ధాంత వ్యాసంలో ఉటంకించిన పాఠాన్ని ఎత్తి రాయడం పీజీ స్థాయికి తగదు. ఒక వ్యాసం నుంచి మరొక వ్యాసానికి చేరే క్రమంలో అక్షరాలు మారిపోతాయి, సందేహాస్పదమైన చోట పరిష్కర్త పెట్టిన గుర్తులు రాలిపోతాయి. శాసన పాఠాలను ప్రచురించే ఎపిగ్రాఫియా ఇండికా వంటి వాటిలో అచ్చయిన పాఠాన్ని చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలకైతే సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటం ఉండనే ఉంది.

అయితే పరిశోధకులు ఊరూరా తిరిగి సేకరించి అనుబంధంలో చేర్చిన జానపద గేయాలు, వృత్తి పదాలు, ముఖాముఖి సంభాషణలు వేరే లెక్క. అవి మరెక్కడా అచ్చయి ఉండకపోవచ్చు కనుక, సేకరించిన ఊరు, కాలం, చెప్పినవారి వివరాలు నమోదై ఉంటే నిస్సంకోచంగా మూలాధారంగా వాడుకోవచ్చు. విశ్లేషణ అధ్యాయాల స్థాయి మాత్రం ఒక్కటిగా ఉండదు; పట్టా వచ్చినంత మాత్రాన వాదన నిలిచినట్టు కాదు. రచయిత తరవాత దాన్ని పుస్తకంగా తెచ్చి ఉంటే, సవరించిన ఆ ప్రతినే ఉటంకించడం మేలు.

వెతుకులాటకు కొంత ఓపిక కావాలి. తెలుగు వ్యాసాల శీర్షికలు కొన్ని తెలుగు లిపిలో, కొన్ని రోమన్ అక్షరాల్లో ఉన్నందువల్ల రెండు విధాలా ప్రయత్నించాలి. బొమ్మలుగా స్కాన్ చేసిన పుటల్లో పదాన్ని వెతకడం కుదరదు, విషయ సూచిక చూసి పుటలు తిప్పాల్సిందే. అంశం ఇంకా ఖరారు కానివారు, జరుగుతున్న పరిశోధనల సారాంశాలుండే శోధ్‌గంగోత్రిని కూడా చూడాలి.