ఉమ్మడి డేటా ఒకే చోటా, కస్టమర్‌కో కాపీయా: ఏది మేలు?

ఒక్కో కస్టమర్‌కి విడి డేటాబేస్ ఇచ్చి నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దేశాల పేర్లు, కరెన్సీ కోడ్‌లు అందరికీ ఒకటే కదా, వాటిని ఎక్కడ ఉంచాలి?

ఒకే చోట ఉంచితే దిద్దడం తేలిక. 2023 జనవరి 1న క్రొయేషియా కునా వదిలి యూరోకు మారింది. ఉమ్మడి టేబుల్ అయితే ఒక్కచోట మారిస్తే చాలు. 300 కాపీలుంటే స్క్రిప్ట్ 300 సార్లు నడవాలి, అందులో రెండు ఫెయిలైనా వెంటనే ఎవరికీ తెలియదు. ఆ టెన్షన్ నిజమైనదే.

అయినా నా ఓటు కాపీలకే. మొదటి కారణం ఫారిన్ కీ, అంటే ఒక టేబుల్‌లో రాసే కోడ్ మరో టేబుల్‌లో నిజంగా ఉందో లేదో డేటాబేసే చూసుకునే ఏర్పాటు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో వేరే డేటాబేస్‌లోని టేబుల్‌కి ఫారిన్ కీ పెట్టలేం. పోస్ట్‌గ్రెస్‌లో పక్క డేటాబేస్‌ని చదవాలంటేనే పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌డీడబ్ల్యూ (బయటి టేబుల్‌ని ఇక్కడిదానిలా చూపించే ఎక్స్‌టెన్షన్) లాంటిది కావాలి, అలా కనిపించే ఫారిన్ టేబుల్‌కీ ఫారిన్ కీ కుదరదు. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ (దాని మామూలు స్టోరేజ్ పద్ధతి) టేబుళ్లకు కుదురుతుంది గానీ, ఒక కస్టమర్‌ని వేరే సర్వర్‌కి తరలించిన రోజున అదీ పోతుంది. ఇక తప్పు కరెన్సీ కోడ్ లాంటిది లోపలికి రాకుండా కాపలా కాసే పని అంతా మన ప్రోగ్రామ్ మీదే పడుతుంది.

రెండోది రీస్టోర్. ఒక కస్టమర్ డేటాను గత వారానికి వెనక్కి తీసుకెళ్లాలనుకోండి. కాపీ లోపలే ఉంటే కోడ్‌లు, బిల్లులు కలిసే వెనక్కి వెళ్తాయి. ఉమ్మడి డేటాబేస్ మాత్రం ఈ రోజులోనే ఉండిపోతుంది. పైగా అది ఆగితే అందరి పనీ ఆగుతుంది.

కాపీలు పక్కదారి పట్టకుండా కొంత కట్టుదిట్టం కావాలి. మాస్టర్ కాపీ ఒక్కటే ఉండాలి, మార్పులన్నీ ముందు అందులోనే జరగాలి. ప్రతి డేటాబేస్‌లో వెర్షన్ నంబర్ ఉంచి, పాతబడిన కాపీని రోజూ వెతికి పట్టుకోవాలి. రీస్టోర్ చేసినదీ అలాగే దొరికిపోతుంది. అప్లికేషన్‌కి ఆ టేబుళ్ల మీద చదివే హక్కే ఇవ్వండి. కస్టమర్ సొంతంగా చేర్చుకునే కోడ్‌లకు వేరే టేబుల్ పెట్టండి. ఐడీలు ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోలా పుట్టకూడదు, మాస్టర్ కాపీలోవే అంతటా ఉండాలి. ముఖ్యంగా, ఏ కోడ్‌నీ డిలీట్ చేయొద్దు. చెల్లుబాటు ముగిసిన తేదీ వేసి వదిలేయండి. కునాలో రాసిన పాత ఇన్‌వాయిస్ ఇప్పటికీ తెరుచుకోవాలి కదా.

మారకపు రేట్ల లాగా గంటగంటకూ మారేవి మాత్రం ఒకే చోట ఉంచి, ఏపీఐతో (ప్రోగ్రామ్‌లు ఒకదాన్నొకటి డేటా అడిగే దారి) తెచ్చుకుని కాసేపు క్యాష్‌లో (cache, తాత్కాలిక నిల్వ) పెట్టుకోండి. బిల్లు వేసేటప్పుడు వాడిన రేటును మాత్రం ఆ బిల్లులోనే రాసుకోవాలి.