బొడ్డవర దారిలో బొంగుకోడి భోజనం

శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే దారిలో, బొడ్డవర దాటాక, ఒక గిరిజన కుటుంబం నడిపే చిన్న పాక ఉంది. దానికి బోర్డు లేదు కాబట్టి పొగను బట్టి గుర్తుపట్టాలి. గత ఆదివారం విజయనగరం నుంచి మేము అయిదుగురం ప్రత్యేకంగా అక్కడి బొంగుకోడి కోసమే, అంటే వెదురు బొంగులో కూరి నిప్పుల మీద వండే నాటుకోడి కోసమే వెళ్లాం.

అక్కడ అడవి మాంసం దొరకదు, అడగనూ కూడదు. అడవి జంతువుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. పక్క చాప మీద కూర్చున్నవారు ఆశగా అడిగితే, ఆ ఇంటి పెద్దాయన “అది మా తాతలనాటి మాట బాబూ, ఇప్పుడు కోడే” అని మెల్లగా చెప్పారు. చైత్రమాసంలో ఇటుకల పండుగకు మగవాళ్లంతా వేటకు వెళ్లి, తెచ్చినదాన్ని ఊరంతా పంచుకునే ఆచారం మన్యంలో ఉండేది. ఆ నిప్పుల వంట, ఆ పంపకం ఈ పాకలో నాటుకోడితో ఇంకా బతికి ఉన్నాయి. నాకు ఎంతో నచ్చిన విషయం ఇదే.

అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, పసుపు, ఉప్పు పట్టించిన ముక్కలను ఒక వైపు కణుపు ఉన్న పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, మండే కట్టెల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ ఉంటారు. నూనె చుక్క వేయరు. పచ్చి వెదురులోని తేమే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. ఎండు బొంగయితే అదే అంటుకుంటుంది. పైభాగమంతా నల్లబడ్డాక కత్తితో రెండు దెబ్బలు వేస్తే బొంగు నిలువునా చీలింది, పచ్చి వెదురు వాసనతో ఆవిరి ఒక్కసారిగా పైకి లేచింది, లోపలి పల్చని తెల్ల పొర ముక్కలకు అక్కడక్కడా అంటుకుని కనిపించింది. ఇంటి ముసలమ్మ దాన్ని అడ్డాకుల విస్తరిలోకి వంచి, మొదటి ముక్క మా పాపకు పెట్టి, తరువాతే మిగిలినవారికి తన చేత్తో పంచింది.

లోపాలూ ఉన్నాయి. గంటకు పైగా వేచి ఉండవలసి వచ్చింది, ఈలోగా అన్నం చల్లారిపోయింది. రెండో బొంగులో ఎముక దగ్గర మాంసం కొంచెం పచ్చిగా ఉంది. చెప్పగానే ఏమీ అనుకోకుండా మళ్లీ నిప్పుల మీద పెట్టి తెచ్చారు. ఇదే దారిలో వేరొకచోట గతంలో నేను తిన్నది మాత్రం బాణలిలో వండిన బ్రాయిలర్ కోడి. దాన్ని బొంగులో పోసి పైపైన కాల్చి ఇచ్చారు. బొంగు చీల్చగానే నూనె కారిందంటే అది అసలు వంట కాదని తెలుసుకోవచ్చు.

రెండు బొంగులకు, అన్నానికి, చోడి (రాగి) అంబలికి కలిపి మాకు 1,800 రూపాయలయ్యాయి. నాటుకోడికి, అంత శ్రమకు అది న్యాయమైన ధరే. పదకొండు గంటలకల్లా చేరి చెప్పుకుంటే మీ కళ్లెదుటే బొంగు నరికి వండుతారు. చీల్చిన బొంగు అడుగున మిగిలే రసాన్ని అడిగి మరీ అన్నంలో పోయించుకోండి. మేము అడగకపోతే అది నిప్పుల పాలయ్యేది.