అమలాపురంలో మా పిన్నికి ఇప్పించిన కౌన్సెలింగ్

2022 జులై వరదల్లో మా పిన్ని వాళ్ల లంక ఊరు మునిగింది. నీళ్లు తీశాక కూడా, రేకుల మీద వాన చప్పుడైతే చాలు, అర్ధరాత్రి లేచి పాస్‌బుక్కు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా గుమ్మంలో కూర్చునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చివరికి నేనే అమలాపురంలో ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాను.

అక్కడి మేడమ్ మొదటిరోజు వరద ఊసే ఎత్తలేదు, అది నాకు బాగా నచ్చింది. "ప్రమాదం పోయినా ఒంట్లో గంట మోగుతూనే ఉందమ్మా, ఇది పిరికితనం కాదు" అంటే పిన్ని అక్కడే ఏడ్చేసింది. భయం వేసినప్పుడు అరికాళ్లు నేలకి ఆనించి, కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పమన్నారు, ఊపిరి నెమ్మదిగా వదలమన్నారు. తర్వాతి వారాల్లో ఆ రాత్రి సంగతి కొంచెం కొంచెంగా చెప్పించారు. తప్పించుకు తిరిగేకొద్దీ భయం ముదురుతుందట, తోడుండగా తలుచుకుంటే పదును తగ్గుతుందట.

ఒక్కటే లోపం. గదికి అడ్డం ప్లైవుడ్ చెక్కే, మాటలన్నీ బయట బెంచీ మీదవాళ్లకి వినిపిస్తాయి. ఇలాంటి చోట అది పెద్ద తప్పు, మార్చి తీరాలి.

ఏడు సిట్టింగులయ్యాయి. మొన్న వానకి లేచింది గానీ, దీపం, బిందె, మంచం అని గొణుక్కుని మళ్లీ పడుకుంది. కవరు మాత్రం దిండు కిందే ఉంది.

ఫీజు కట్టలేనివాళ్లు 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.