తొమ్మిదేళ్ల వాడకంలో మా స్లైడింగ్ కిటికీలు

విశాఖపట్నంలో సముద్రానికి కిలోమీటరు లోపే ఉన్న మా ఇంటికి 2016లో యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఏడు స్లైడింగ్ కిటికీలు పెట్టించాము. అంతకుముందున్న టేకు కిటికీలను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పాడుచేసింది. రెండు రెక్కలు బందులతో సహా ఊడిపోగా, మిగిలినవి నానిపోయి మళ్లీ చట్రంలో సరిగా కూర్చోలేదు. అల్యూమినియం వద్దనుకోవడానికి కారణం మా వీధిలోనే ఉంది. పాత అల్యూమినియం కిటికీలకు ఉప్పుగాలి తగిలి తెల్లటి పొక్కులు లేచి, సన్నని గుంటలు పడటం కళ్లారా చూశాము.

యూపీవీసీకి ఆ బాధ లేదు. ఇన్నేళ్లలో ఫ్రేము వంగలేదు, మూలల్లో కరిగించి అతికిన అతుకులు విడలేదు, పడమటి వైపు తెలుపు మాత్రం కొద్దిగా మాసినట్టు కనిపిస్తుంది. కానీ మరలు, రోలర్లు, గడియలు లోహమే కదా. మాకు బిగించిన మామూలు మరలు మూడో ఏటికే తుప్పుపట్టి, విప్పబోతే తలలు రాలిపోయాయి. తీరంలో ఇల్లున్నవారు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వేయాలని కొటేషన్‌లోనే రాయించుకోవాలి. ఆ మాట మాకు ముందు చెప్పినవారు లేరు.

ఈ కిటికీల మంచిచెడ్డలు చాలావరకు కింది ట్రాకులోనే ఉన్నాయని నా అనుభవం. రెక్క జరగాలంటే దానికీ ఫ్రేముకూ మధ్య కొంత సందు ఉండక తప్పదు. ఆ సందును మూసేది నూగులాంటి బ్రష్ పట్టీ మాత్రమే. అందుచేత గట్టి జల్లు కొడితే ట్రాకులోకి నీరు రావడం లోపం కాదు, ఆ నీరు ట్రాకు అడుగునున్న రంధ్రాల గుండా బయటికి పోయేలాగే దీన్ని తయారుచేస్తారు. ఆ రంధ్రాలు మూసుకుపోతే ఏమవుతుందో 2021 సెప్టెంబరు 26 రాత్రి, గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటుతున్నప్పుడు తెలిసింది. తూర్పు గదిలో ట్రాకు నిండా నీరు నిలిచి, బయటి గాలి రంధ్రాలలో నుంచి తోసుకువస్తుంటే ఆ నీరు అన్నం ఉడికినట్టు బుడబుడమని పొంగుతూ లోపలి అంచు దాటి గ్రానైట్ మీదికి, అక్కడి నుంచి మంచం మీదికి కారింది. మా అమ్మ పాత పంచెలన్నీ తెచ్చి పరుస్తూనే ఉంది, నేను పిండుతూనే ఉన్నాను. తెల్లవారాక చూస్తే రెండు రంధ్రాలు ఇసుకతో, చచ్చిన ఉసిళ్లతో చాలావరకు పూడిపోయి ఉన్నాయి. మూడోది బిగించేటప్పుడు పూసిన సిలికాన్ కిందే ఉండిపోయింది, అంటే మొదటి రోజు నుంచీ అది పనిచేయనే లేదు. కిటికీలు బిగించిన రోజే ట్రాకులో చెంబెడు నీళ్లు పోసి, ఎంతసేపట్లో బయటికి పోతాయో దగ్గరుండి చూసుకోమని అందుకే అందరికీ చెబుతున్నాను. కిటికీ కింది రాయికి బయటివైపు వాలు ఉన్నదో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

రోలర్ల విషయం కూడా ఇలాంటిదే. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీలో ఒక్కో రెక్కకు 5 మిల్లీమీటర్ల అద్దం వేస్తే అద్దం బరువే సుమారు 14 కిలోలు. ఆ బరువు మోసేవి రెండు చిన్న చక్రాలు. మావి ఐదో ఏట అరిగిపోయి, రెక్క జరపడం మా అమ్మకు సాధ్యం కాకుండా పోయింది. మంచి బేరింగ్ ఉన్న రోలర్లు వేయించాక ఇప్పుడు వేలితో నెట్టినా జరుగుతున్నాయి.

గాలి సంగతి ముందుగా ఆలోచించుకోవలసింది. రెండు రెక్కల కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. 24 చదరపు అడుగుల కిటికీలో గాలి వచ్చేది 12 చదరపు అడుగుల్లోనే. దోమల జాలీ కూడా వేస్తే అదీ తగ్గుతుంది. ఏప్రిల్, మే ఉక్కపోతలో పాత టేకు కిటికీలు గుర్తుకు వచ్చాయి.

అలాగని స్లైడింగ్ తీసేయాలని నేను అనను. బయటికి తెరిచే కిటికీ రబ్బరు పట్టీకి గట్టిగా ఒత్తుకుంటుంది కాబట్టి జల్లును బాగా ఆపుతుంది గాని, దానికి గ్రిల్లూ జాలీ లోపలే పెట్టాలి, గాలికి రెక్క కొట్టుకోకుండా చూసుకోవాలి, బాల్కనీ వైపైతే తెరిచిన రెక్క మనిషికి అడ్డు వస్తుంది. స్లైడింగ్‌తో ఆ ఇబ్బందులేవీ ఉండవు, గ్రిల్లు బయటే ఉంటుంది. రెక్కను పైకెత్తి ట్రాకులోంచి తప్పించకుండా అడ్డుకునే చిన్న ముక్క ఒకటి ఉంటుంది, అది బిగించారో లేదో మాత్రం చూసుకోవాలి.

సముద్రానికి ఎదురుగా ఉన్న తూర్పు గది కిటికీలు రెండింటినీ ఈ వేసవిలో బయటికి తెరిచేవిగా మార్పించాము. వీధివైపు, బాల్కనీవైపు ఉన్న ఐదూ స్లైడింగ్‌గానే ఉన్నాయి. ఏటా మృగశిర కార్తెకు ముందు వాటి రంధ్రాలను సన్నని తీగతో పొడిచి, పాత టూత్‌బ్రష్‌తో ట్రాకులు శుభ్రం చేస్తున్నాను.