కర్నూలు నుంచి శ్రీశైలం నడక: ఎక్కడ తిన్నాం, ఎక్కడ పడుకున్నాం

ఉగాదికి శ్రీశైలం నడిచి వస్తానని మా అత్త ఎప్పుడో మొక్కుకుంది. ఈసారి ఆమెకు తోడుగా నేనూ బయలుదేరాను. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, వెంకటాపురం, అక్కడి నుంచి నల్లమలలో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. మాకు ఐదు రోజులు పట్టింది. వచ్చే ఏడాది నడవాలనుకునే ఆడవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

తిండి గురించి అస్సలు టెన్షన్ వద్దు. ఉగాది రోజుల్లో కర్ణాటక వైపు నుంచి ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా వేలమంది నడిచి వస్తారు. వాళ్లకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు, అందుకే చీర, పసుపు కుంకుమలు మోసుకొస్తారు. కొందరైతే కర్రకాళ్ల మీదే నడుస్తారు, పక్కన నిలబడి చూస్తే మన కాళ్లు నొప్పి అనడానికి నోరు రాదు. వీళ్ల కోసం దారి పొడవునా అన్నదాన శిబిరాలు ఉంటాయి. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం సాంబారు, కన్నడ వాళ్ల శిబిరాల్లో జొన్నరొట్టె, వేరుశెనగ పొడి. "బన్ని అక్కా, ఊట మాడి" (రా అక్కా, భోజనం చెయ్యి) అని చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. మేం ఇంటి నుంచి తెచ్చిన రొట్టెలు, అటుకులు రెండో రోజే పంచేశాం. బరువు తగ్గింది.

రోజు ఎలా గడుస్తుందంటే, తెల్లవారుజామున మూడింటికే లేచి నడక మొదలుపెట్టాలి. తొమ్మిదిన్నర దాటితే తారు రోడ్డు మీద అడుగు పెట్టలేం, ఉగాది నాటికి కర్నూలు ఎండ ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎక్కడ చెట్టు దొరికితే అక్కడ చాప పరుచుకుని సాయంత్రం నాలుగింటి దాకా పడుకోవడం, మళ్లీ లేచి రాత్రి ఎనిమిది వరకు నడవడం. మొదటి రోజు నందికొట్కూరు చేరేసరికి అత్త అరికాలిలో బొబ్బ లేచింది. ఒక శిబిరంలో కుర్రాళ్లు వేడినీళ్లలో ఉప్పు వేసి, ఆమె కాళ్లు కడిగి, నూనె రాసి, గుడ్డ చుట్టారు. డబ్బులిస్తే తీసుకోలేదు, పైగా వాళ్లే ఆమె కాళ్లకు దండం పెట్టుకున్నారు. కొత్త చెప్పులతో మాత్రం బయలుదేరకండి, నెల రోజులు వాడినవి వేసుకోండి.

పడక విషయానికొస్తే, రోడ్డు వెంట మేం ఒక రాత్రి స్కూల్ వరండాలో, రెండు రాత్రులు గుడి మండపాల్లో పడుకున్నాం. గుడి మండపమే మేలు, రాతిబండ చల్లగా ఉంటుంది, రాత్రంతా భజన సాగుతుంది కాబట్టి భయం ఉండదు. స్కూల్లో గదులకు తాళాలు, ఆడవాళ్లకు ఉన్నది ఒక్క మరుగుదొడ్డి, అందులోనూ నీళ్లు లేవు. ఈ దారిలో నన్ను బాగా బాధపెట్టింది ఇదే. ఇంతమందికి అన్నం పెట్టగలిగిన ఊళ్లు, దాతలు, ఆడవాళ్లకు నాలుగు తడకలు కట్టి రెండు డ్రమ్ముల నీళ్లు పెట్టలేరా? మా అత్త వయసు వాళ్లు మరుగుదొడ్డికి భయపడి సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తున్నారు. ఆ ఎండలో అది ప్రాణం మీదికి తెస్తుంది. అన్నదానం చేసేవాళ్లు వచ్చే ఏడాది ఒక కూర తగ్గించైనా ఈ పని చేయండి.

వెంకటాపురం దాటాక లోకమే మారిపోతుంది. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర మొక్కుకుని రాతిమెట్లు ఎక్కడం మొదలుపెట్టాం. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దపు రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డికి ఉంది. అరిగిపోయిన ఆ రాళ్ల మీద నడుస్తుంటే ఎన్ని తరాల పాదాలు ఇక్కడ ఆనాయో అనిపించింది. ఇది పులుల అభయారణ్యం, గుంపు విడిచి ఎవరూ ముందుకు పోకండి. నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం దారి పక్కన కుప్పలుగా కనిపించాయి. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. ఒక స్టీలు గ్లాసు, ఒక చెంబు సంచిలో పెట్టుకుంటే చాలు కదా.

ఆ రాత్రి పెద్దచెరువు దగ్గర ఆగాం. కరెంటు లేదు, టార్పాలిన్ పట్టా మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాం. పగలంతా ఎండ, తెల్లవారుజామున మాత్రం చలి. నేను మొత్తం ప్రయాణంలో హాయిగా నిద్రపోయింది అక్కడే.

మర్నాడు భీముని కొలను. లోయలోకి దిగడం ఒక ఎత్తయితే, అక్కడి నుంచి కైలాస ద్వారం దాకా ఎక్కడం ఇంకో ఎత్తు. సగం దారిలో అత్త కూర్చుండిపోయింది. వెనక నుంచి వస్తున్న గుంపు "చేదుకో మల్లన్నా, ఆదుకో మల్లన్నా" అంటోంది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే, అర్థం మాత్రం ఆ మెట్ల మీదే తెలిసింది. బావిలోంచి చేంతాడుతో నీళ్లు చేదినట్టు మమ్మల్ని పైకి లాక్కో స్వామీ అని. ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన తన కర్ర అత్త చేతికిచ్చి, తాను చెట్లు పట్టుకుని ఎక్కాడు.

శ్రీశైలంలో గది ముందే మాట్లాడుకోండి. సత్రాలన్నీ నిండిపోయాయి, ఒక లాడ్జిలో మామూలు ధరకు మూడింతలు అడిగారు. చివరికి చలువ పందిరి కింద పడుకున్నాం, నీళ్లకు, భోజనానికి ఇబ్బంది లేదు. రద్దీ వల్ల దూరం నుంచి చూసే అలంకార దర్శనమే అయింది, లింగాన్ని తాకి మొక్కే స్పర్శ దర్శనం దొరకలేదు. క్యూలో ఐదు గంటలు. బయటికొచ్చాక అత్త ఆ కర్ర పెద్దాయన కోసం పందిళ్లన్నీ వెతికింది. ఆయన కనిపించలేదు. కర్ర మా ఇంట్లో దేవుడి గూటి పక్కన పెట్టింది, వచ్చే ఉగాదికి దారిలో అవసరమైన వాళ్లకు ఇస్తుందట.