కడప ఎండలో మూడు వాటర్ బ్లాకులు

కడపలో ఎండలు ముదిరే రోజులూ పెళ్లి ముహూర్తాలూ ఒకేసారి వస్తాయి. పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసే మా స్టూడియోలో కంప్యూటరుకు ఏడాది మొత్తం మీద ఎక్కువ పని పడేది ఆ రోజుల్లోనే. గంటల తరబడి రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) సాగే మధ్యాహ్నం వేళల్లో, ఏసీ లేని మిద్దె మీది గదిలో ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు తగ్గదు. ఆ గదిలో, కడప బండ అరపై ఉన్న కంప్యూటరుకు, ఓవర్‌క్లాక్ చేసిన (కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి నడిపే) ఇంటెల్ కోర్ ఐ9-12900కే ప్రాసెసరు మీద మూడు వాటర్ బ్లాకులను, అంటే లోపల పారే నీటితో ప్రాసెసరు వేడిని లాగేసే లోహపు దిమ్మెలను, ఒకదాని తరువాత ఒకటి బిగించి పరీక్షించాను.

మొదటిది వాటర్‌కూల్ అనే జర్మనీ సంస్థ తయారుచేసే హీట్‌కిల్లర్ 4 ప్రో. నల్లని అసిటాల్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) మూత గలది, నా సొంతది. రెండవది స్లొవేనియాకు చెందిన ఈకే వారి క్వాంటమ్ వెలాసిటీ 2. నికెల్ పూత, పారదర్శకమైన అక్రిలిక్ మూత గలది, ప్రొద్దుటూరులో ఉన్న మా బావమరిదిని అడిగి వారం రోజులకు తెచ్చుకున్నది. మూడవది ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకు కొన్న రాగి బ్లాకు. ఒకే నమూనా నాలుగైదు పేర్లతో అమ్ముడవుతున్నందున దాని పేరు రాసి ప్రయోజనం లేదు. నీటి వేడిని గాలిలోకి వదిలే 360 మిల్లీమీటర్ల రాగి రేడియేటరు, నీటిని తిప్పే డీ5 పంపు, ఈపీడీఎం రబ్బరు గొట్టాలు, ప్రాసెసరుకూ బ్లాకుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు మూడింటికీ అవే. ప్రాసెసరులో లెక్కలు చేసే భాగాలైన కోర్లలో వేగవంతమైన ఎనిమిది పెర్ఫార్మెన్స్ కోర్లనూ 5.1 గిగాహెర్ట్జ్ వేగం వద్ద నిలిపినప్పుడు ప్రాసెసరు సుమారు 260 వాట్లు తీసుకుంది. ఇంటెల్ దానికి నిర్ణయించిన గరిష్ఠ టర్బో (అత్యధిక వేగంలో నడిచేటప్పటి) విద్యుత్ పరిమితి 241 వాట్లు.

బ్లాకులను పోల్చేటప్పుడు కోరు ఉష్ణోగ్రతను మాత్రమే చూస్తే మోసపోతాము, ఎందుకంటే అందులో గది వేడి, రేడియేటరు సామర్థ్యం కూడా కలిసి ఉంటాయి. కోరు ఉష్ణోగ్రతలో నుంచి లూపులోని (పంపు, బ్లాకు, రేడియేటరు గుండా తిరిగే వలయంలోని) నీటి ఉష్ణోగ్రతను తీసివేయగా మిగిలేదే బ్లాకుకు సంబంధించిన లెక్క. పేరున్న రెండు బ్లాకులకూ ఆ తేడా 43 నుంచి 45 డిగ్రీల మధ్యనే ఉంది. ఒకే బ్లాకును విప్పి మళ్లీ బిగించినా ఒక డిగ్రీ అటూ ఇటూ అవుతుంది కనుక, ఈ రెండింటిలో ఏది మేలో చెప్పడానికి నా కొలతలు చాలవు. చవక బ్లాకుకు ఆ తేడా 51 డిగ్రీలు.

చల్లని దేశాల సమీక్షకులు ఈ ఏడు డిగ్రీలను పెద్దగా పట్టించుకోకపోవడంలో తప్పు లేదు, ఎందుకంటే 22 డిగ్రీల గదిలో చవక బ్లాకు కింద కూడా కోర్లు 84 దగ్గరే ఆగిపోతాయి. మా గదిలో లెక్క వేరు. గది 37, దానిపై నీరు మరో 11 డిగ్రీలు వేడెక్కి 48. మంచి బ్లాకుతో కోర్లు 92కు చేరి, ఇంకా కొంత వెసులుబాటు మిగుల్చుతాయి. చవక బ్లాకుతో అవే కోర్లు 99కి చేరతాయి. 100 వద్ద ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కనుక, కష్టపడి చేసిన ఓవర్‌క్లాక్ మే నెల మధ్యాహ్నం పూట ఉన్నా లేనట్టే.

తేడా ఎక్కడ వస్తున్నదో విప్పి చూస్తే తెలుస్తుంది. మంచి బ్లాకుల అడుగు రాగి పలకలో వెంట్రుకల్లాంటి సన్నని చాళ్లు దగ్గర దగ్గరగా కోసి ఉంటాయి. పైనున్న జెట్ ప్లేటు నీటిని సన్నని చీలిక గుండా ఆ చాళ్ల మధ్యలోకి వేగంగా దించి, రెండు పక్కలకూ పంపుతుంది. చవక దానిలో చాళ్లు వెడల్పుగా ఉన్నాయి, జెట్ ప్లేటు లేదు. పెద్ద పంపు పెడితే ఆ లోటు పూడుతుందని కొందరంటారు గాని, నిమిషానికి మూడు లీటర్లు పారేటప్పుడు 260 వాట్లకు నీరు బ్లాకులో ప్రవేశించి బయటపడేలోగా వేడెక్కేది ఒకటింబావు డిగ్రీ మాత్రమే. ఇంకా ఎక్కువ పారించి సాధించేది స్వల్పం. ఈ ప్రాసెసరు కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్టు బిగింపు వల్ల ప్రాసెసరు కొద్దిగా వంగుతుంది గనుక, దాన్ని సమంగా పట్టి ఉంచే కాంటాక్ట్ ఫ్రేము అనే చట్రం వేయడం ఎక్కువ లాభం. నాకు దానివల్ల నాలుగు డిగ్రీలు తగ్గాయి. ఏఎమ్‌డీ వారి చాలా డెస్క్‌టాప్ రైజెన్ ప్రాసెసర్లలో కోర్ల చిప్పులు మధ్యలో కాక ఒక పక్కకు ఉంటాయి. అవి వాడేవారు నా అంకెలను యథాతథంగా తీసుకోకూడదు.

చవక బ్లాకుతో ఇంకొక చిక్కు వచ్చింది. కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే విడిగా నడిపి, చుట్టూ కాగితాలు పరిచి ఒక రాత్రంతా వదిలేయడం నా అలవాటు. తెల్లవారి చూస్తే మూత అంచున కాగితం తడిసి ఉంది. లోపలి రబ్బరు రింగు ఒక మూల నలిగి కూర్చున్నది. దాన్ని సరిచేసి బిగించిన తరువాత కారలేదు. ఆ రాత్రి బద్ధకించి ఉంటే మదర్‌బోర్డు పోయేది.

నీటి విషయంలో మన ఊళ్లవారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. మా బోరు నీళ్లు గిన్నెల మీద వదిలే తెల్లని పొరే బ్లాకు చాళ్లలోనూ పేరుకుంటుంది, సన్నని చాళ్లయితే త్వరగా మూసుకుపోతాయి. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరులో తుప్పునూ పాచినీ ఆపే మందు కలిపి వాడుతున్నాను. అల్యూమినియం రేడియేటరును రాగి బ్లాకుతో ఒకే లూపులో కలపకూడదు, అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. నల్లబడిన వట్టి రాగిని, ఇంట్లో రాగి చెంబు తోమినట్టే, చింతపండు పులుసుతో మెత్తని బ్రష్షుతో తోమి కడిగితే మెరుస్తుంది. నికెల్ పూత ఉన్నదానికి మాత్రం ఈ వైద్యం పనికిరాదు. అక్రిలిక్ మూతను స్పిరిట్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు వస్తాయి. అసిటాల్‌కు ఆ భయం లేదు గాని, దానిలోంచి లోపలి మురికి కనిపించదు. బావమరిది బ్లాకులో చాళ్ల మీద చేరిన నలుసులు విప్పకుండానే కనిపించాయి. నా దానిలో ఏముందో తెలుసుకోవడానికి ఆరు నెలలకొకసారి లూపంతా ఖాళీ చేయక తప్పడం లేదు.

అయినా నేను హీట్‌కిల్లర్‌నే ఉంచుకున్నాను. రంగుల దీపాలు కావాలనుకునేవారు నిశ్చింతగా వెలాసిటీ వైపు వెళ్లవచ్చు, చల్లదనంలో కోల్పోయేది ఏమీ లేదు. చవక బ్లాకును కింది గదిలో బిల్లింగుకు వాడే 65 వాట్ల ప్రాసెసరు మీదికి మార్చాను. అక్కడ అది ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది.