హొనొలులులో తెల్ల టెర్న్ కోసం నాలుగు రోజులు

మార్చి మొదటి వారంలో అమ్మను తీసుకుని హవాయి దీవుల్లోని హొనొలులు వెళ్లాను. కాలిఫోర్నియాలోని శాన్‌హోసే నుంచి విమానంలో ఐదున్నర గంటలు. నేను వెళ్లింది ఒక పక్షి కోసం. పేరు తెల్ల టెర్న్. హవాయి భాషలో ‘మను ఓ కూ’ అంటారు, కూ అనే దేవుడి పక్షి అని అర్థం. 2007 నుంచి ఇది హొనొలులు నగరపు అధికారిక పక్షి.

సముద్రపక్షిని సముద్రంలోనే చూడాలనుకుని మొదటిరోజు పడవ విహారానికి డబ్బు కట్టాను. అనవసరపు ఖర్చు. అది తిమింగిలాల కాలం, పడవవాళ్ల ధ్యాసంతా వాటి మీదే. అమ్మకు వాంతులయ్యాయి. నాకు దక్కింది దూరంగా పోతున్న నాలుగు తెల్లని చుక్కలు.

మర్నాడు పొద్దున్నే కపియోలని పార్కుకు వెళ్లాం. “ఇది మన నిద్రగన్నేరు కదరా!” అంటూ అమ్మ ఒక చెట్టు కింద ఆగిపోయింది. కాకినాడలో ఆమె చదివిన బడి ముందు అలాంటిదే ఉండేదట. ఆ చెట్టు మొదలుకు నీలం రిబ్బను కట్టి ఉంది. పైన పక్షి పొదుగుతోందని, కొమ్మలు కొట్టవద్దని స్వచ్ఛంద కార్యకర్తలు కట్టే గుర్తు అది.

ఈ పక్షి గూడు కట్టదు, ఒక్క పుల్ల కూడా తేదు. కొమ్మ మీద చిన్న గుంట చూసుకుని ఒకే ఒక గుడ్డు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని సుమారు ఐదు వారాలు పొదుగుతాయి. మేము చూసిన కొమ్మ మీద అప్పటికే పిల్ల ఉంది. బూడిదరంగు నూగు, ఒంటికి మించిన పాదాలు, వాడి గోళ్లు. గాలికి కొమ్మ ఊగుతుంటే అది కడుపు ఆనించి గట్టిగా పట్టుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

అరగంటకు పెద్దపక్షి వచ్చింది. పొడవు 30 సెంటీమీటర్లు, బరువు 100 గ్రాములకు కాస్త అటూఇటూ. ఒళ్లంతా తెలుపు. కంటి చుట్టూ సన్నని నల్ల ఈకల వలయం వల్ల కాటుక పెట్టినట్టుంటుంది. ముక్కు మొదట్లో నీలం, కొసకు నలుపు. ఆ ముక్కుకు అడ్డంగా ఐదు చిన్న చేపలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే పిల్ల నోటికి అందించింది.

నగరం నడిబొడ్డున ఇయొలాని రాజభవనం ఆవరణలోనూ ఇవి ఉంటాయి. లోపలికి టికెట్ కావాలి కానీ ఆవరణలో తిరగడానికి అక్కరలేదు. థామస్ స్క్వేర్ అనే పార్కులోని మర్రిచెట్లు చూడముచ్చటగా ఉన్నాయి కానీ ఆకుల గుబురులో పక్షిని వెతకడం కష్టం. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నా ఓటు కపియోలనికే. కూర్చోవడానికి చోటుంది, నీడ ఉంది.

బస విషయంలో ఒక హెచ్చరిక. వైకికి అనే సముద్రతీర ప్రాంతంలోని హోటళ్లలో చాలావాటికి గది అద్దె కాక రోజువారీ రిసార్టు రుసుము ఉంటుంది, అది కలిపి లెక్క చూసుకోండి. మేము సముద్రం కనిపించే గదికి అదనంగా చెల్లించి, రెండో రాత్రి పార్కు పక్కనున్న చిన్న హోటలుకు మారిపోయాం. అక్కడ తెల్లవారుజామున కిటికీ ముందే ఈ పక్షులు జంటగా ఎగురుతూ కనిపించాయి. సిటీ బస్సులు బాగున్నాయి. కానీ పెద్ద పెట్టెలుంటే విమానాశ్రయం నుంచి టాక్సీయే మేలు. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, అమ్మకు ఆ బెంగ తీరింది.

పసిఫిక్, హిందూ, దక్షిణ అట్లాంటిక్ సముద్రాల ఉష్ణమండల దీవులెన్నో దీని ఇల్లే. మనకు దగ్గరలో మాల్దీవుల దక్షిణ కొసనున్న అడ్డూ దీవుల్లోనూ ఉంటుంది. కానీ హవాయి ప్రధాన దీవుల్లో హొనొలులు ఉన్న ఒక్క ఒవాహూలోనే, అదీ జనం కిటకిటలాడే ఈ నగరంలోనే స్థిరపడింది. 1961లో ఇక్కడ గుడ్డు పెట్టినట్టు నమోదైంది ఒకే జంట. ఇప్పుడు వందల జంటలు.

పాతకాలపు నావికులు సాయంత్రం ఇవి ఎగిరే దిక్కును బట్టి నేల ఎటు ఉందో గుర్తించేవారు. చివరిరోజు సూర్యాస్తమయానికి సముద్రం మీదుగా పార్కు వైపు ఒక్కొక్కటే తిరిగొస్తుంటే అమ్మ లెక్కపెట్టింది. చీకటి పడేసరికి పదిహేడు.